తొమ్మిదో తూము కన్ను

బహుళ పంచమి

దుర్యోధన మావని చంపింది సముద్రం కాదు. తూర్పు గట్టు సంస్థ. ఈ మాట మొదటి పంక్తిలోనే రాస్తున్నాను, ఎందుకంటే వాళ్ల నోటీసు బోర్డు మీద "ప్రమాదవశాత్తూ" అన్న మాట మొదటి పంక్తిలోనే ఉంది.

గట్టు లోపల మేడల్లో ఉండేవాళ్లు కూడా ఇది చదవాలి కాబట్టి జరిగింది విడమరిచి చెబుతాను. నిన్న మావ బురద తియ్యడానికి తొమ్మిదో తూములోకి దిగాడు. తూము అంటే గట్టు పొట్టలోంచి సముద్రానికి పోయే సొరంగం. పోటు వేళ దాని గేట్లు మూసి ఉంటాయి, అప్పుడు మేం దిగి మట్టీ గుల్లలూ గీకాలి. ఆటు మొదలయ్యాక గేట్లు ఎత్తుతారు. మీ వీధుల్లో నిలిచిన నీళ్లన్నీ ఆ దారినే బయటికి పోతాయి. లోపల మనిషి ఉన్నాడో లేడో సంస్థకు చెప్పేది నుదుటి మీద కట్టుకునే చిన్న కెమెరా. మా వాళ్లు దాన్ని కన్ను అంటారు. కన్ను ఆరిందంటే మనిషి బయటికి వచ్చేసినట్టే లెక్క. ఇది వాళ్ల రూలు. బ్యాటరీ అయిపోయిన మనిషి వాళ్ల దృష్టిలో లేని మనిషి.

మావ కన్ను ఆరింది. గేటు లేచింది.

పైన తాడు పట్టుకుని ఉన్నది నీలవేణి అత్త, ఆయన భార్య. తాడు ఇంటివాళ్ల చేతిలోనే ఉండాలన్నది మా ఆనవాయితీ. పైమనిషి ఒక్క గుంజు గుంజితే కిందిమనిషి తిరిగి ఒక్క గుంజు గుంజాలి. దాన్ని ఊకొట్టడం అంటాం. గేటు ఎత్తే చక్రం తిరుగుతుండగా కూడా తనకు ఊ వచ్చిందని అత్త చెప్పింది. దానికి సూపర్వైజర్ సన్యాసిరావు ఏమన్నాడో నా చెవులతో విన్నాను. మా యాసలో 'ల' చాలాచోట్ల 'న' అవుతుంది, లేడు అనేది నేడు అంటాం.

"తాడు కదిలితే ఊ అన్నట్టేటి? సేపలు కూడా కదుపుతాయి. కన్ను ఆరిపోనాది, మనిషి నేడు. అంతే లెక్క."

రేపటి నుంచి తొమ్మిదో తూము మా పైడమ్మ అప్పకి, అంటే మా అక్కకి, ఇచ్చారు. తాడు నాకు.

షష్ఠి

అప్ప దిగింది. పని ఇంకా మిగిలి ఉండగానే ఆమె కన్ను ఎర్రబడిందని పైన తూముల లైట్ల బోర్డు మీద తెలిసింది. ఎర్రబడితే ఇక ఎంతోసేపు ఉండదు. వచ్చేయమని తాడు గట్టిగా గుంజాను. వచ్చింది. ఒళ్లంతా బురద, పళ్లు మాత్రం తెల్లగా.

"ఇంకొంచెం ఉండిపోనాదే గీకడానికి. ఎందుకంత బేగి నాగీసినావు?"

"మావలాగ అవుతావనే."

పని సగంలో వదిలినందుకు అప్ప పేరు పక్కన ఒక ఎర్ర గీత పడింది. మూడు గీతలు పడితే ఇల్లు ఖాళీ చేసి గట్టు బయటికి పోవాలి. గట్టు బయట ఏముందో మీకు తెలుసు. నీళ్లు.

సన్యాసిరావు కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆయన మా వీధిలోనే పుట్టినవాడు. ఇప్పుడు కిటికీకి అవతల ఫ్యాను కింద కూర్చుంటాడు. మర్యాదగానే మొదలుపెట్టాను.

"బాబూ, మనిషికి రెండేసి బేటరీలు ఇవ్వండి. మద్దిలో మార్చుకుంటారు."

"మూత తీస్తే నోపలికి నీళ్లు పోతాయి. ఒప్పరు."

"అయితే పెద్ద బేటరీ ఇవ్వండి."

"ఇదేటి అంగడనుకున్నావా? ఉన్న బేటరీకి తగ్గట్టు బేగి సెయ్యమను మీ అప్పని."

"మీ ఫేను ఆగిపోతే మీరు నేనట్టేనా బాబూ?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. "దాలమ్మా, నోరు దాసుకో. కెమెరా సెట్టింగులు గానీ ముట్టుకున్నావంటే మీ ఇల్లు నాగీస్తాను."

సెట్టింగుల గురించి నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. అంటే ముట్టుకోవడానికి అందులో ఏదో ఉంది.

సప్తమి

చంద్రుడు సగమయ్యే రోజుల్లో పోటు బద్ధకంగా ఉంటుంది, గేట్లు ఎత్తరు. మాకు మూడు రోజుల సెలవు. అప్ప బట్టలు నానబెట్టింది. నేను ఆమె కెమెరా తీసుకుని డాబా ఎక్కాను.

నేను బడికి పోయింది తక్కువ. చదివినదంతా పాత తూము కార్మికుల సంఘం అచ్చేసిన కరపత్రాలే. సంఘం పోయింది, కరపత్రాలు మిగిలాయి. ఎండుచేపలు కట్టడానికి కొట్టులో పెట్టుకున్న కట్టలోంచి ఒక్కొక్కటే తెచ్చుకుని చదివాను. ఒకదాంట్లో ఇలా ఉంది: పది కోరికలు ఒక్కసారి అడిగితే ఏది ఇచ్చారో ఏది ఎగ్గొట్టారో తెలియదు, ఒక్కసారి ఒక్కటే అడగండి. కెమెరాతో కూడా అదే పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, ఎంతసేపు బతుకుతుందో చూడాలి.

ఏమీ మార్చకుండా వదిలితే పొద్దుటి నీళ్ల ట్యాంకరు రాకముందే ఆరిపోయింది.

మళ్లీ ఛార్జింగ్ పెట్టి, వెనక స్క్రీను ఆర్పేశాను. తూములో ఆ స్క్రీను ఎవరు చూస్తారు? నుదుటి మీద ఉన్నదాన్ని కట్టుకున్న మనిషి ఎలాగూ చూడలేదు. ఈసారి సాయంత్రం ట్యాంకరు వచ్చి, బిందెలు నిండి, వరసలో రెండు తగాదాలు అయ్యాక గానీ ఆరలేదు.

ఇంతలో వీధి సగం డాబా మీదికి చేరింది. తలొక సలహా.

"బియ్యంలో పెట్టి సూడు," అన్నాడు తాతబ్బాయి, మూడో తూము మనిషి.

"దానికి దిష్టి తగిలినాది. ఉప్పు తిప్పండి," అంది మరీడమ్మ మామ్మ.

"మామ్మా, ఉప్పు తగిలే కదా అన్నీ పాడైపోతన్నాయి!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే తాతబ్బాయి తన కెమెరా తీసి చూపించాడు. దాని బ్యాటరీ ఉబ్బి ఉంది. పక్కవాడిదీ ఉబ్బి ఉంది. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. అప్పుడు గట్టు కేసి చూశాను. పని అయ్యాక మేం కెమెరాలను మంచినీళ్లతో కడుగుతాం. కడిగి, తాళ్లతో పాటు, చేపలతో పాటు, గట్టు రాళ్ల మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెడతాం. తడిసింది ఏదైనా మాకు ఆ రాళ్ల మీదే ఆరాలి. ఆ రాళ్ల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది, బ్యాటరీ బతుకుతుందా?

"రేపట్నుంచి నీడలో ఆరబెట్టండి. గుడ్డతో తుడిసి, గాలి తగిలేకాడ పెట్టండి," అన్నాను.

"నీడలో ఏదైనా ఆరతాదేటే గుంటా?" అంది మామ్మ, నాకేదో తెలివి తక్కువైనట్టు. కానీ మనవడి కెమెరాను తెచ్చి తన కొంగు కిందే పెట్టుకుంది.

నవమి

రెండు రోజుల్లో తేలినవి రాస్తున్నాను. ఎవరైనా చేసుకోవచ్చు.

స్క్రీను ఆర్పండి. ముందు మెరిసే చిన్న దీపాన్నీ బీపునీ ఆర్పండి. చోటు చెప్పేదాన్ని ఆర్పండి, తూము ఎక్కడికీ కదిలిపోదు. మాట వినే సెట్టింగు ఒకటి ఉంది, మనం లోపల తిట్టుకునేవన్నీ వింటూ ఛార్జింగ్ తింటుంది, దాన్ని ఆర్పండి. బొమ్మ వణకకుండా సరిదిద్దేది చాలా తింటుంది. గోడ గీకేటప్పుడు తల ఊగితే బొమ్మ ఊగుతుంది, ఊగనివ్వండి. బొమ్మ పెద్ద సైజులో తియ్యక్కర్లేదు, చిన్నది చాలు. సెకనుకు తీసే బొమ్మలు సగానికి తగ్గించండి, బురద పరిగెత్తదు. దిగేదాకా కెమెరాను ఒంటికి ఆనించి గుడ్డలో ఉంచుకోండి. చలికి బ్యాటరీ ముడుచుకుపోతుంది, వెచ్చగా దిగితే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇవన్నీ చేశాక పొద్దున వెలిగిస్తే అప్ప కన్ను సాయంత్రం పాలు కాచేదాకా వెలుగుతూనే ఉంది.

మిగిలింది ఒక్కటే సెట్టింగు. పంపడం. కన్ను రెండు పనులు చేస్తుంది. చూసింది తన పొట్టలో దాచుకుంటుంది, అదే బొమ్మను ఎప్పటికప్పుడు సంస్థ గదికి పంపుతుంది. పంపడం ఆర్పి చూశాను. కన్ను పడుకునే వేళకి కూడా ఆరలేదు! ఛార్జింగ్‌లో సింహభాగం మనల్ని కాపాడడానికి కాదు, మనల్ని కాపలా కాయడానికి పోతోంది.

అప్పకి చెప్పాను. బట్టలు మడత పెడుతూ విన్నది.

"అది ముట్టుకోకే కరపత్రం," అంది. నాకు ఆమె పెట్టిన పేరు అది. "మిగతావి ఎవులికీ కనపడవు. అది ఆర్పితే వాళ్ల గదిలో బొమ్మ పోతాది."

"పోతే పోనీ. కన్ను ఎలుగుతాది కదా? ఆళ్ల రూలు ఏటి? కన్ను ఆరితే మనిషి నేడు. మన కన్ను ఆరదు."

"ఇప్పుడు సాలతన్నాది. సాలినంతకాలం సాలు."

దశమి

సరిపోయింది. అప్ప పని మొత్తం చేసి, కన్ను పచ్చగా ఉండగానే పైకి వచ్చింది. మిగతా తూముల వాళ్లు కూడా నేను చెప్పినట్టు పెట్టుకున్నారు. ఒక్కరికీ గీత పడలేదు. ఈ రోజు వీధిలో రేడియో మోగింది. దుర్యోధన మావ పోయాక ఎవరూ పెట్టలేదు.

సన్యాసిరావు కిటికీలోంచి చూసి, "ఏటి మందు ఏసినారు బేటరీలకి?" అన్నాడు.

"నీడ పట్టించినాం బాబూ," అన్నాను.

సాయంత్రం కొత్త నోటీసు. అమావాస్య ఆటు పెద్దది కాబట్టి తూములన్నీ అద్దంలా ఉండాలట. రేపటి నుంచి పని వేళ పెంచారు. ఆటు గంట మోగాక కూడా, తూము అద్దంలా అయ్యేదాకా, లోపల కన్ను వెలుగుతున్నంతసేపు గీకుతూనే ఉండాలి, కన్ను ఆరగానే గేటు ఎత్తుతారు. మనం మిగుల్చుకున్న కాస్త ఛార్జింగ్ వాళ్ల కంటపడింది. దాన్నీ పనికి జమ వేసుకున్నారు.

నోటీసు చింపేశాను. మళ్లీ అతికించారు. మళ్లీ చింపాను.

ఏకాదశి

చాలలేదు. ఆటు గంట మోగాక కూడా పని తెగలేదు, అప్ప కన్ను ఎర్రబడింది. గుంజాను, వచ్చింది. రెండో గీత.

ఇంటికొచ్చి అప్ప అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. రేపు ఒక్క గీత పడితే ఇల్లు పోతుంది. గీత పడకుండా చివరిదాకా ఉంటే, ఎర్ర కన్నుతో గేటు కింద ఉన్నట్టే.

"పంపడం ఆర్పేద్దాం," అంది. ఈసారి ఆమే అంది. "పొద్దున్న ఆర్పి, ఆకరికి వెలిగిస్తాను. పని అయ్యేదాకా ఛార్జింగ్ మిగిలిపోతాది. కన్ను మాత్రం ఒక్క చిటిక కూడా ఆరదు కదేటి?"

"ఆరదు. రెండు రోజులు సూసినాను."

నేను చూసింది కన్నును. గేటును కాదు.

ద్వాదశి

ఆటు గంట మోగింది. మిగతా తూముల చక్రాలు కదల్లేదు, వాటిలో కళ్లు వెలుగుతున్నాయి. తొమ్మిదో తూము చక్రం తిరిగింది.

తాడు గుంజాను. ఊ వచ్చింది. మళ్లీ గుంజాను. ఊ. లోపల అప్ప ఇంకా గీకుతోంది, ఆమెకు ఏమీ తెలియదు.

"మనిషి ఉన్నాది! నోపల మనిషి ఉన్నాది!" అని అరిచాను. తాడు వదిలి పరిగెత్తలేను. సంస్థ గదికి ఎవరో పరిగెత్తారు. తలుపు తియ్యలేదు. అద్దం వెనక నుంచి సన్యాసిరావు చెయ్యి ఊపాడు, బోర్డు చూసుకోమన్నట్టు. పంపడం ఆర్పి ఉంది కాబట్టి బోర్డు మీద తొమ్మిది దగ్గర చీకటి.

అప్పుడు అర్థమైంది నాకు. కన్ను వెలిగిందా ఆరిందా అన్నది వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల గదికి బొమ్మ చేరిందా లేదా, అంతే. చేరకపోతే మనిషి లేడు.

నీలవేణి అత్త మావ పోయిన మర్నాటి నుంచి అక్కడే కూర్చుంటోంది, ఆయన తాడు చుట్ట ఒళ్లో పెట్టుకుని. ఎవరు పిలిచినా రాదు. ఆ అత్త లేచింది. చుట్ట మొత్తం రెండు చేతులా ఎత్తి చక్రం పళ్ల మధ్యకి కుక్కేసింది. చక్రం తాడును నమిలింది. కీచుమంది, పొగ వచ్చింది. ఆగింది.

అప్పటికే గేటు జానెడు లేచింది. లేచిన జానెడులోంచి నగరం మురుగు ఎలా దూసుకొస్తుందో తూములో ఉన్నవాడికే తెలుసు. మూడో తూములోంచి అప్పుడే పైకెక్కిన తాతబ్బాయీ నేనూ ఇంకా ఎవరెవరో తాడుకు వేలాడాం. నా అరచేతుల తోలు తాడుకే అంటుకుపోయింది. అప్ప తూములోకి దిగే గుంత అంచుకు తగిలేదాకా ఊ వస్తోందో లేదో కూడా తెలియలేదు.

బయటపడి చాలాసేపు దగ్గింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వేలాడుతోంది. మొదట అన్న మాట ఇది:

"ఒలే కరపత్రం... బేటరీ ఇంకా సగం ఉన్నాది సూడు."

నేను ఏడ్చాను. అందరి ముందూ.

త్రయోదశి

అప్ప చేతికి కట్టు కట్టారు. వీధి అంతా మా వాకిట్లోనే ఉంది. ఆ చిన్న స్క్రీను వెలిగించి, తలలు తలలకు ఆనించి అందరం చూశాం. చిన్న సైజు బొమ్మ, ఊగే బొమ్మ. అయినా అన్నీ కనిపిస్తాయి. గోడ, అప్ప చేతిలోని గీకుడు పార, దూరంగా గంట మోత, గేటు కింద గీతలా వెలుతురు, తర్వాత నీళ్లు. అది వాళ్ల బోర్డు మీద చీకటిగా ఉన్న సమయం. వాళ్ల లెక్కలో తూములో ఎవరూ లేని సమయం.

నీలవేణి అత్త రెండోసారి చూపించమంది. చూశాక మెల్లగా అడిగింది.

"మరైతే ఆయన బేటరీ సచ్చిపోనాదని ఎవుడు సెప్పినాడు?"

ఆ రోజు మావ కన్ను నిజంగా ఆరిందో, బొమ్మ చేరలేదో, మాకు తెలియదు. తొమ్మిదో తూము గోడకు బొమ్మలు అందుకునే డబ్బా ఒకటి ఉంది. మొన్న ఉగాది నుంచి అది ఊడి వేలాడుతోందని, ఒక్కోసారి బొమ్మ తెగిపోతోందని మావ రెండుసార్లు కిటికీ దగ్గర చెప్పాడట. మావ కన్ను సంస్థ దగ్గరే ఉంది. అడిగితే ఇవ్వరు.

మధ్యాహ్నం సన్యాసిరావు వచ్చాడు, చేతిలో కాగితం. సెట్టింగులు మార్చినందుకూ, చక్రం పాడుచేసినందుకూ మా ఇల్లూ అత్త ఇల్లూ అమావాస్య సాయంత్రానికి ఖాళీ చెయ్యాలట.

"పైనుంచి వొచ్చినాది. నా సేతిలో ఏటీ నేదు," అన్నాడు.

"నిన్న ఉన్నాది కదా నీ సేతిలో," అంది అప్ప మంచం మీద నుంచి. "అద్దం ఎనక నుంచి ఊపినావు కదా?"

ఆయన అప్ప కట్టు వైపు చూసి తల తిప్పుకున్నాడు. "పైడమ్మా, బోర్డు మీద నువ్వు నేవు. నేనేటి సెయ్యాల?"

"తాడు పట్టుకున్నదాన్ని అడగాల," అన్నాను. "ఊ వస్తన్నాదా అని ఒక్క మాట అడగాల. నోరున్న మనుషులం పైన పన్నెండుమంది నిలబడి ఉంటే, గోడకి ఏలాడే డబ్బాని అడిగినావు."

అప్ప నా చెయ్యి పట్టుకుని లాగింది, ఆపమని అనుకున్నాను. కాదు. "గట్టిగా సెప్పు, ఎనకున్నోళ్లకి ఇనపడనేదు," అంది.

చతుర్దశి

తప్పులో నాకూ వాటా ఉంది. కన్నును నమ్మి గేటును మర్చిపోయాను. అప్ప చెయ్యి దానికి సాక్షి. కానీ వారం రోజులుగా నేను ఆరాటపడిందంతా తప్పు ప్రశ్న చుట్టూ. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అని అడిగాను. మనిషి బతికి ఉండడం బ్యాటరీ మీద ఎందుకు ఆధారపడాలి అని అడగలేదు. ఎంత మిగిల్చినా ఆ మిగులు వాళ్లు పనిలో కలుపుకుంటారు. రూలు మారాలి.

నిన్న వాకిట్లో అందరం కలిసి ఒప్పుకున్నది ఒక్కటే కోరిక. పది కాదు. గేటు లేవాలంటే ఆ తూము తాడు పట్టుకున్న మనిషి "లోపల ఎవరూ లేరు" అని నోటితో చెప్పాలి. చెప్పేదాకా చక్రం తిరగకూడదు. కన్ను ఉండనివ్వండి, బోర్డు ఉండనివ్వండి, ఆఖరి మాట మాత్రం తాడుది.

ఇది ఒప్పుకునేదాకా ఎవరూ దిగరు. తాతబ్బాయి దిగడు, మరీడమ్మ మామ్మ మనవడు దిగడు. ఇళ్లు ఖాళీ చేయించడానికి వస్తే రెండిళ్ల సామాను కాదు, వీధి మొత్తం సామాను మొయ్యాల్సి ఉంటుంది.

మేడల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ వీధులు ముంచడం మా ఉద్దేశం కాదు. గేట్లు పాడుచెయ్యం. తూములు ఖాళీగా ఉన్నాయని మేమే చెబుతాం, ఎత్తమనీ మేమే చెబుతాం. మా మాట విని ఎత్తితే మీ నీళ్లు పోతాయి. మా మాట వినడం ఇష్టంలేక ఎత్తకపోతే, మీ గుమ్మంలో నిలిచిన నీళ్లకు కారణం ఎవరో మీరే అడగండి. అడగడానికి వస్తే మా పక్కన చోటు ఉంది.

ఇక కెమెరాల సంగతి. నవమి నాడు రాసినవన్నీ రేపు ఒక్క పూటకి మర్చిపోండి. రాత్రికి నిండా ఛార్జింగ్ పెట్టండి. స్క్రీను వెలిగించండి, దీపం వెలిగించండి, మాట వినేది వెలిగించండి. బొమ్మ ఎంత పెద్దది వస్తే అంత పెద్దది తియ్యండి. పంపడం వెలిగించండి, ఒక్క క్షణం ఆర్పకండి. ఛార్జింగ్ మిగల్చకండి. రేపు మన మొహాలు ఒక్కొక్కటీ వాళ్ల బోర్డు నిండా కనపడాలి, మన పేర్లు మన నోటితోనే వినపడాలి.

రేపు అమావాస్య. పొద్దున ఆరు గంటలకి, ఆటు గంట మోగకముందే, తొమ్మిదో తూము చక్రం దగ్గర. పిల్లలతో, ముసలివాళ్లతో, ఇంటిల్లిపాదీ రండి. నీలవేణి అత్త అందరికంటే ముందు అక్కడ ఉంటుంది. నేను ఆమె పక్కన ఉంటాను.